పన్నెండు బారల లోతున చిత్రావతి

రాయపురం చర్చి గోపురం
హార్బరు క్రేను వెనక దాక్కుని,
ఎన్నూరు పొగగొట్టం కుడి భుజానికి వచ్చినచోట
ఇంజను ఆపేస్తాడు మైలపిల్లి కొర్లయ్య.
"ఇదే ఇనప పారు," అంటాడు.
వాళ్ళ తాతలు పెట్టిన పేరు.
ఇక్కడ వల వేసినవాడు
సగం వలతో ఇంటికి పోతాడు.

కాగితాల్లో దాని పేరు చిత్రావతి.
సముద్రంలో మైన్లు ఏరే చిన్న యుద్ధనౌక.
రెండో యుద్ధంలో, ఊరి దీపాలన్నీ ఆర్పేసిన ఒక రాత్రి
పద్దెనిమిది నిమిషాల్లో మునిగింది.
ఏ దొర పెట్టాడో గానీ
ఏడాదికి పది నెలలు ఇసకే పారే ఏటి పేరు తెచ్చి
నీళ్ళ మీద వదిలాడు.
ఇప్పుడా పేరుకి
నీళ్ళ కరువు లేదు.

నాది చరిత్ర తవ్వే పని కాదు.
చిక్కిన వలకి ఇంత, తెగిన లంగరుకి ఇంత అని
కాసిమేడు గట్టు మీద బేరమాడి దిగేవాణ్ణి.
మొదట పచ్చన.
తర్వాత చల్లారిన టీ రంగు.
ఆ తర్వాత నా చెయ్యి నాకే కనిపించదు,
వేళ్ళే కళ్ళు.

వేళ్ళు చూసినవి చెబుతాను.
ఫిరంగి గొట్టంలో కాపురముంటున్న బొంత చేప,
నన్ను చూసి నోరు తెరిచి, విసుక్కుని, లోపలికి పోయింది.
ఆల్చిప్పలు అతుక్కున్న నిచ్చెన,
ఎక్కడానికి పైన ఏమీ లేని నిచ్చెన.
ఒక గరిటె. వంటవాడు ఎవడో,
చివర తాడు కట్టుకోడానికి చిల్లు పొడిపించుకున్నాడు.
కొత్త నైలాను వలలు, పాత నైలాను వలలు,
వాటిలో ఎప్పుడో చచ్చిన తాబేలు డిప్ప.
బొగ్గు. ఇంకా బొగ్గు.
ఎనభై ఏళ్ళు నానినా
నలుపు పోలేదు.

ఆ బొగ్గు ఎత్తిపోసినవాడు చెంగల్రాయుడు.
పాత చాకలిపేటలో, మెట్ల కింద గదిలో
ఆయన కూతురు సంపూర్ణమ్మ దగ్గర
ప్లాస్టిక్ కవరులో చుట్టిన విచారణ కాగితం ఉంది.
బాయిలరు ఎండనిచ్చిన స్టోకరు అజాగ్రత్త, అని ఒక్క వాక్యం.
ఆ వాక్యానికి పెన్షను పోయింది.
రాతిపలక మీద ముప్పై పేర్లు చెక్కారు,
పోయింది ముప్పై ఒక్కరు.
కుళాయి దగ్గర బిందె ముందుకి జరిపితే చాలు
"ఓడ ముంచినోడి కూతురికి తొందరెక్కువ" అనేవాళ్ళట.

కొర్లయ్య వల ఆ రోజు
ఓడ పక్కటెముకల్లో ఉన్న కంతకి పట్టుకుంది.
ఆ కంతలోంచి మనిషి నిలబడి నడిచిపోవచ్చు.
కత్తి తీశాను. వల కొయ్యబోతూ
అంచు మీద అరచెయ్యి పెట్టాను.
బాయిలరు పేలితే
ఇనుము బయటికి పూస్తుంది.
ఇది లోపలికి వంగింది.
చుట్టూ తడిమాను, పైనా కిందా,
గుల్లలు గీరుకుని చెయ్యి మండుతున్నా తడిమాను.
లోపలికి.
అంతా లోపలికే.
బయటినుంచి ఏదో వచ్చి గుద్దిన దెబ్బ.

గాలి అయిపోయేదాకా అక్కడే ఉన్నాను.

సంపూర్ణమ్మకి ఎనభై ఆరు. ఒక చెవి వినపడదు.
రెండో చెవిలో చెప్పాను,
అప్పడాల పీట మీద వేలితో గీసి చూపించాను:
ఇది ఓడ, ఇది కంత, ఇనుము ఇటు వంగింది.
ఆమె ఆ గీతని చాలాసేపు చూసింది.
ఏడుస్తుందనుకున్నాను.
కాగితం చింపుతుందనుకున్నాను.
"నైనా ఎప్పుడూ నిప్పు ముందరే ఉండేవాడు," అంది.
"ఇంటికొస్తే ఒళ్ళు పట్టుకోలేకపోయేదాన్ని, అంత వేడి.
అక్కడ నీళ్ళు చల్లగా ఉన్నాయా?"

ఉన్నాయమ్మా, అన్నాను.
అబద్ధం కాదు. పది బారలు దాటాక
ఒక గీత గీసినట్టు నీళ్ళు మారతాయి,
మెడ మీద తడిగుడ్డ వేసినట్టు.

కవరు మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టుకుంది.
ఎవరికి రాయాలో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.
నా అరచేతి మీది గీతలు చూసి
కొబ్బరినూనె సీసా నా వైపు తోసింది.

కొర్లయ్య వల మాత్రం ఇంకా అక్కడే ఉంది.
కూలీ ఇవ్వనన్నాడు, న్యాయమే.
రేపు మళ్ళీ దిగాలి.